బైక్‌కి బ్యాక్‌రెస్ట్ పెట్టించాకే మా ఆవిడకు నడుం నొప్పి మొదలైంది, ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒంగోలు. నాకు 56, మా ఆవిడకు 52 ఏళ్లు. పిల్లలు స్థిరపడ్డాక ఇష్టపడి ఒక టూరింగ్ బైక్ కొన్నాను. శ్రీశైలం, పెంచలకోన ఇద్దరం దాని మీదే వెళ్తుంటాం. ఆనుకోవడానికి బాగుంటుందని వెనక సీటుకు బ్యాక్‌రెస్ట్ బిగించాను. అప్పటి నుంచి గంట ప్రయాణానికే నడుం కింది భాగం పట్టేస్తోందని, దిగాక కాసేపు నిటారుగా నిలబడలేకపోతున్నానని అంటోంది. ఇంట్లో ఉన్నప్పుడు ఏ నొప్పీ లేదు. ఇంకా మెత్తటి ప్యాడ్ వేయించాలా, బైక్ ప్రయాణాలే మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండీ. ఇంట్లో లేని నొప్పి బండెక్కితేనే వస్తోందంటే ముందు ఆ బ్యాక్‌రెస్ట్‌నే అనుమానించాలి. అది ఎంత మెత్తగా ఉందన్నది తర్వాతి సంగతి. ఒంటికి ఎక్కడ తగులుతోందన్నదే అసలు విషయం.

నడుం దగ్గర వెన్నెముక సహజంగా లోపలికి వంపు తిరిగి ఉంటుంది. వెనక సీటులో మోకాళ్లు బాగా మడిచి కూర్చుంటే తుంటి భాగం వెనక్కి ఒరిగి ఆ వంపు పోతుంది, డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ వంపును వెనక నుంచి నిలబెట్టడమే బ్యాక్‌రెస్ట్ చేయాల్సిన పని. కానీ ప్యాడ్ పొట్టిగా, సీటుకు మరీ దగ్గరగా ఉంటే దాని కింది అంచు తోక ఎముకకు కాస్త పైన గుచ్చుకుంటుంది. ఆ నొక్కుడుకు మనిషి తెలియకుండానే ముందుకు జారి, నడుం గూనిగా పెట్టి కూర్చుంటారు. మీ ఆవిడ విషయంలో ఇదే జరుగుతోందని నా అనుమానం.

ఈసారి బండి దిగగానే ఎక్కడ ఒత్తుకుందో వేలితో చూపించమనండి. చీర కుచ్చిళ్లు దోపే మట్టానికి బాగా కింద చూపిస్తే ప్యాడ్ ఎత్తు చాలనట్టే. తర్వాత బండిని కదలకుండా నిలిపి, మీరు ముందు కూర్చుని, ఆమెను పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోమనండి. సీటు నుంచి నడుం వంపు మధ్య దాకా ఎవరి చేతనైనా టేపుతో కొలిపించండి. చాలామందికి 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ప్యాడ్‌లో ఉబ్బెత్తుగా ఉండే భాగం ఆ ఎత్తులోనే ఉండాలి.

సీట్లు కుట్టే షాపుకు వెళ్లేముందు డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఒక తువ్వాలు గట్టిగా చుట్టి, కొలిచిన ఎత్తులో ప్యాడ్‌కు అడ్డంగా కట్టి, చివర్లు వేలాడకుండా చూసుకుని, టంగుటూరు దాకా వెళ్లి రండి. హాయిగా ఉందంటే ఆ ఆకారంలోనే ప్యాడ్ చేయించుకోవచ్చు. లోపల గట్టి ఫోమ్, పైన ఒక్క అంగుళం మెత్తటిది చాలు. మొత్తం మెత్తటి స్పాంజి వేస్తే అరగంటలో కుంగిపోయి వెనక ఇనుప ప్లేటు తగులుతుంది. ప్యాడ్ మరీ నిటారుగా ఉండకూడదు. సీటుతో 100 నుంచి 110 డిగ్రీల కోణంలో కాస్త వెనక్కి వాలి ఉంటే నడుముకు సుఖం.

మందం కూడా చూసుకోండి. ప్యాడ్ లావైతే ఆమె ముందుకొచ్చి బరువంతా మీ వీపు మీద పడుతుంది, మీకు మెడ, మణికట్లు లాగుతాయి. అలాంటప్పుడు బ్రాకెట్‌నే వెనక్కి జరిపించాలి. ఆ పని బోల్టులతోనే చేయించండి. బండి ఫ్రేమ్‌కు వెల్డింగ్ మాత్రం వద్దు. పడిపోకుండా ఉంటారని కొందరు మనిషిని బ్యాక్‌రెస్ట్‌కు బెల్టుతో కడుతున్నారు. అది చాలా ప్రమాదం. బండి పడితే మనిషి దాంతో పాటే ఈడ్చుకుపోతారు.

చీరతో ఒకవైపుకు తిరిగి కూర్చునే అలవాటుంటే ఎంత మంచి బ్యాక్‌రెస్ట్ అయినా ఉపయోగం లేదు. నడుం మెలితిరిగే ఉంటుంది. దూర ప్రయాణాలకు చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చోమని నేను గట్టిగా చెబుతాను. వెనక షాక్ అబ్జార్బర్ ఒక్కరి బరువుకే సెట్ చేసి ఉందేమో మెకానిక్‌తో చూపించండి. ఇద్దరెక్కితే అది పూర్తిగా కుంగి, గుంత దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. స్పీడ్ బ్రేకర్ వస్తోందంటే ముందే చెప్పండి. ఆమె ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు వేసి సీటు నుంచి కొద్దిగా లేస్తే చాలు. ఈ వయసులో నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారుతాయి. అలాంటివారికి ఒక్క పెద్ద కుదుపుకే వెన్నుపూస నొక్కుకుపోవచ్చు. గంటకోసారి ఆగి, ఇద్దరూ దిగి అటూ ఇటూ నడవండి.

మీ ఆవిడ పుట్టిల్లు కనిగిరి వైపా? ఆ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్లు తాగినవారిలో కొందరికి వెన్ను బిగుసుకుపోయి వంగడం కష్టమవుతుంది. అలాంటిదేమైనా ఉంటే ప్యాడ్ మార్చినంత మాత్రాన సరిపోదు. ఎక్స్‌రే తీయించాలి.

ప్రయాణానికి ముందే నొప్పి మాత్ర వేసుకునే అలవాటు చేసుకోవద్దు. మాటిమాటికీ డైక్లోఫెనాక్ లాంటివి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో ఒళ్లు నీరసించి ఉన్నప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ప్యాడ్ సరిచేశాక కూడా మూడు నాలుగు వారాల్లో తగ్గకపోతే, లేదా నొప్పి కాలిలోకి పాకుతుంటే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. కాలు బలహీనపడినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. బైక్ మీద మాత్రం కాదు, కారులోనో అంబులెన్స్‌లోనో.