పాత అపార్ట్‌మెంట్‌లో డక్ట్ క్లీనింగ్, శానిటైజింగ్ చేయించాలా? ముందు ఒక అగరబత్తి వెలిగించి చూడండి

మీ ప్రశ్న చదవగానే నాలుగేళ్ల కిందటి మా ఇల్లే కళ్ళ ముందు కనపడిందండి. మీది న్యూయార్క్ క్వీన్స్‌లో 1960ల్లో కట్టిన బిల్డింగు, బాత్రూమ్ వెంట్ చుట్టూ నల్లగా మసి, కిచెన్ వెంట్లోంచి పక్కవాళ్ళ వంట వాసన, బాబుకి తగ్గని దగ్గు, డక్ట్ క్లీనింగు (గాలి గొట్టాలు శుభ్రం చేయడం), శానిటైజింగు (వాటిలో మందు కొట్టడం) కలిపి 1200 డాలర్లు అడుగుతున్నారు చేయించుకోవాలా వద్దా అన్నారు కదా, నా మాట వింటే ఇప్పుడప్పుడే ఒక్క డాలరు కూడా కట్టకండి. డక్ట్ క్లీనింగే దండగ అని కాదు, మా బిల్డింగులో తర్వాత అది బాగా పనికొచ్చింది కూడా, కానీ ఎక్కడ, ఎవరు, ఎలా చేశారనేదే అసలు సంగతి.

ముందు మీ ఫ్లాట్లో అసలు డక్టులు ఉన్నాయా చూసుకోండి. మీరు రాసిన దాన్నిబట్టి చలికాలంలో రేడియేటర్‌లో ఆవిరి వస్తుంది, ఎండాకాలంలో కిటికీలో ఏసీ పెట్టుకుంటారు, అంటే మీ ఇంట్లోకి వేడిగాలి గానీ చల్లగాలి గానీ తెచ్చే డక్టు ఏదీ లేనట్టే. ఉన్నవల్లా బాత్రూమ్‌లో ఒక జాలీ, కిచెన్‌లో ఒక జాలీ. వాటి వెనక ఒక పొడుగాటి షాఫ్టు కింద అంతస్తు నుంచి రూఫ్ దాకా పోతుంది, మీ లైన్లో, అంటే ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఫ్లాట్లన్నిటికీ అదొక్కటే, పైన రూఫ్ మీద ఫ్యాను ఉండి గాలిని లాగుతుంది. అది గాలి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారి కాదు. అలాంటప్పుడు దాన్ని మీ ఒక్కరి ఫ్లాట్లోంచి చెయ్యి పట్టినంత దూరం శుభ్రం చేస్తే ఏమొస్తుంది చెప్పండి?

మాకు అప్పట్లో ఇదంతా తెలీదు. పోస్టులో 99 డాలర్ల కూపన్ వచ్చింది, పాపకి అప్పుడు మూడేళ్లు, రాత్రయితే పిల్లికూతలు, నిద్రుండేది కాదు, ఏదో ఒకటి చేద్దాం అని ఫోన్ చేశాం. ఇద్దరు వచ్చారు, మామూలు వాక్యూమ్ లాంటిదే కాస్త పెద్దది తెచ్చారు, జాలీ ఊడదీసి గొట్టం లోపల పెట్టి పది నిమిషాలు తిప్పారు, తర్వాత ఒకాయన ఫోన్లో ఫోటో చూపించాడు, లోపలంతా బూజు పట్టిపోయిందండీ, పసిపిల్ల ఉన్న ఇల్లు, మందు కొట్టకపోతే కష్టం అని. ఆ ఫోటోలో పసుప్పచ్చ దూది లాంటి లైనింగ్ మీద నల్లమచ్చలున్నాయి. మా షాఫ్టు లోపల వట్టి రేకు, దూదీ లేదు ఏమీ లేదు, అది నేను తర్వాత కళ్ళారా చూశాను. అంటే అది మా ఇంటి ఫోటోయే కాదు. కానీ ఆ నిమిషంలో పిల్ల దగ్గు తప్ప ఏం గుర్తుంటుంది, ఇంకో 780 డాలర్లు కట్టి, మందుని పొగమంచులా కొట్టే ఫాగింగ్ చేయించుకున్నాం. ఇల్లంతా నిమ్మకాయ సెంటు వాసన. ఆ రాత్రే పాపకి ఆయాసం ఎక్కువైంది, రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టాల్సొచ్చింది, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే ఇంట్లో కొత్తగా ఏమైనా స్ప్రే చేశారా అని. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పది రోజుల్లో నిమ్మకాయ వాసన పోయింది, పాత వాసన మళ్ళీ వచ్చింది. అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. పూజ అల్మారా కిచెన్ జాలీ పక్కనే ఉండేది, ఆవిడ రోజూ అక్కడే అగరబత్తి వెలిగించేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమ్మా, ఈ పొగ ఆ కన్నంలోకి పోవాలి కదా, తిరిగి మన మొహానికే కొడుతోందేంటి, కింద ఎవరో చేపలు వేయిస్తున్నట్టున్నారు చూడు" అన్నారు. నిజమే, అగరబత్తి జాలీ దగ్గర పెడితే పొగ లోపలికి పోవడం లేదు, వంపు తిరిగి వంటగదిలోకి వస్తోంది. బాత్రూమ్‌లో టాయిలెట్ పేపర్ ముక్క జాలీకి ఆనిస్తే అతుక్కోవాలి, మాది టపీమని కింద పడింది. రెండేళ్లుగా ఆ వెంట్ పని చేస్తోందనే అనుకున్నాం మేం.

బిల్డింగు మరమ్మతులు చూసే సూపర్‌ని పిలిచి అదే పొగ ఆయనకి చూపించాం. ఆయన రూఫ్ మీదికి తీసుకెళ్ళాడు, నేనూ మా ఆయనా వెనకే వెళ్ళాం. మా లైను ఫ్యాను మోటారు గుయ్యిమని తిరుగుతూనే ఉంది, మూత తీసి చూస్తే బెల్టు తెగి పక్కన పడి ఉంది, ఎండిపోయి పాములా చుట్టుకుని. మోటారు శబ్దం వస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, ఫ్యాను చక్రం మాత్రం ఎన్నాళ్లనుంచి కదల్లేదో. పైన లాగేది లేకపోతే చలికాలంలో వేడిగాలి ఎలాగూ పైకే ఎక్కుతుంది కదా, కింది ఫ్లాట్ల వాసనలు, తేమ, పొగ అన్నీ మోసుకొచ్చి ఐదో అంతస్తులో ఉన్న మా ఇంట్లో పోస్తోందన్నమాట. మా బాత్రూమ్‌కి కిటికీ లేదు, స్నానాల తేమ పోయే దారి అదొక్కటే, సీలింగ్ మూలల్లో నల్లమచ్చలు అందుకే వచ్చాయి.

బెల్టు మార్చారు, సగం బాగయింది. పేపర్ ముక్క అతుక్కుంటోంది కానీ వదులుగా. సూపర్ వెతికితే మూడో అంతస్తులో ఎవరో కిచెన్ రీమోడల్ చేయించుకుని పొయ్యి మీద మోటారున్న కొత్త హుడ్ పెట్టించి దాన్ని తీసుకెళ్ళి అందరి షాఫ్టులో కలిపేశారు. అది ఆన్ చేసినప్పుడల్లా వాళ్ళ జిడ్డుగాలిని బలవంతంగా మిగతా ఫ్లాట్లలోకి నెడుతుంది. పాపం వాళ్ళకీ తెలీదు, కాంట్రాక్టర్ అలా చేసిపోయాడు. అది ఊడదీయించారు. అప్పటికి మేనేజ్‌మెంటుకే అర్థమై మొత్తం లైన్లన్నీ క్లీన్ చేయించడానికి ఒక కంపెనీని పెట్టారు, ఖర్చు బిల్డింగుదే.

అసలైన క్లీనింగ్ ఎలా ఉంటుందో అప్పుడు చూశానండి. ముందు కెమెరా దింపి లోపల ఎలా ఉందో చూశారు. లైనుకి ఒక రోజు. ప్రతి ఫ్లాట్లో జాలీ ఊడదీసి కడగడానికి పెట్టి, ఆ కన్నాలకి ప్లాస్టిక్ షీటు వేసి టేపుతో మూసేశారు, రూఫ్ మీద పెద్ద హెపా (సన్న దుమ్ముని కూడా పట్టే ఫిల్టరున్న) మిషను తగిలించి గాలిని పైకి లాగుతూనే ఉన్నారు, ఆ లాగుడు మీద పైనుంచి కేబుల్‌కి కట్టిన గుండ్రటి బ్రష్షు దింపుతూ గోడలు గీకారు. అంటే రాలిన చెత్త మన ఇళ్లల్లోకి పడకుండా పైకే పోతుంది. ఇదే అసలు రహస్యం, దుమ్ముని ఊడగొట్టడం ఎవరైనా చేస్తారు, ఊడిన దుమ్ము ఎటు పోతోందన్నదే చూడాలి. బయటికొచ్చిన సంచుల్లో పరుపు దూది లాంటి బూడిద రంగు పీచు, పావురాల ఈకలు, ఎప్పుడో రాలిన ప్లాస్టరు పెచ్చులు, జిడ్డు గడ్డకట్టి తారులా అయిన ముద్దలు. తర్వాత మళ్ళీ కెమెరా దింపి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన చూపించారు. మందూ మాకూ ఏమీ కొట్టలేదు. ఆ సాయంత్రం మా అత్తగారు అగరబత్తి పెడితే పొగ తీగలా సాగి నేరుగా జాలీలోకి పోయింది, ఆవిడ ముఖం చూడాల్సింది.

ఇక నిజంగా డక్టులున్న ఇళ్ల సంగతి వేరు. మా తమ్ముడు న్యూజెర్సీ ఎడిసన్‌లో 1970ల నాటి గార్డెన్ అపార్ట్‌మెంట్లో ఉంటాడు, అల్మారాలో ఇల్లు వేడిచేసే ఫర్నేసు, ప్రతి గదికీ డక్టు. వాళ్లకి ముందున్నవాళ్ళు ఫిల్టరు పెట్టకుండానే నడిపేశారట, రిజిస్టర్లలోంచి, అంటే డక్టు గదిలోకి తెరుచుకునే జాలీల్లోంచి, దుమ్ము పొరలుగా రాలేది. అక్కడ క్లీనింగ్ అవసరమే. ఇద్దరు మనుషులు నాలుగు గంటలు పట్టారు, 650 డాలర్లు తీసుకున్నారు, డక్టులతో ఆపకుండా బ్లోయరు (గాలి తోసే ఫ్యాను), కాయిలు (గాలిని చల్లబరిచే గొట్టాలు), దాని కింద నీళ్లు పడే ట్రే కూడా కడిగారు. ఈ మూడూ వదిలేసి గొట్టాలు మాత్రం తుడిచిపోతే మళ్ళీ మొదటికే రావచ్చు, తడి ఎక్కువగా ఉండేది కాయిలు దగ్గరే, బూజు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. ఇప్పుడు వాడు మూడు నెలలకోసారి మంచి ఫిల్టరు మారుస్తాడు, అంతే.

ఏడాదికోసారి చేయించాలి అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ 1997లోనే ఇంటి డక్టుల మీద ఒక చిన్న పుస్తకం వేసింది, డక్ట్ క్లీనింగ్ వల్ల ఆరోగ్య సమస్యలు రాకుండా ఆగుతాయని ఎక్కడా రుజువు కాలేదని స్పష్టంగా రాశారు. కంటికి కనపడే బూజు, ఎలకలో పురుగులో చేరడం, దుమ్ముతో మూసుకుపోయి రిజిస్టర్లలోంచి ఇంట్లోకి రాలడం, ఇలాంటివి ఉంటేనే చేయించుకోమన్నారు. ఇంకో మాట, ఈపీఏ ఏ డక్ట్ క్లీనింగ్ కంపెనీకీ సర్టిఫికెట్ ఇవ్వదు. కాబట్టి మాది ఈపీఏ అప్రూవ్డ్ కంపెనీ అని ఎవడైనా అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. ఈ పని చేసేవాళ్ల సంఘం ఒకటుంది, నాడ్కా అంటారు, 1989 నుంచీ ఉంది, వాళ్ళ పద్ధతి ప్రకారం చేస్తారా అని అడగండి, మా బిల్డింగుకి వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళే.

శానిటైజింగ్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను, పిల్లాడికి దగ్గుందని రాశారు కాబట్టి. దుమ్మూ జిడ్డూ అలాగే ఉంచి దాని మీద మందు కొడితే అది పని చెయ్యదు, దుమ్ము తీసేశాక చాలాసార్లు మందు అవసరమే ఉండదు. తేమ ఎక్కణ్ణుంచి వస్తోందో ఆపకపోతే ఎంత కొట్టినా బూజు మళ్ళీ వస్తుంది. లోపల ఫైబర్‌గ్లాస్ లైనింగ్ ఉన్న డక్టులయితే వాటిల్లో కొట్టడానికి ఈపీఏ దగ్గర రిజిస్టరైన మందే లేదు, ఆ లైనింగ్ తడిసి బూజు పడితే తీసి కొత్తది వేయడమే. అయినా కొడతామని పట్టుబడితే డబ్బా లేబుల్ చూపించమనండి, డక్టుల లోపల వాడొచ్చని దాని మీద రాసి ఉండాలి. మా ఇంటికి ఫాగింగ్‌కొచ్చినవాడు ఆ రోజు లేబుల్ చింపేసిన డబ్బా తెచ్చాడు, నేను అడగలేదు.

బూజు నిజంగా ఉంటే న్యూయార్క్‌లో మీకు చట్టం అండ ఉంది. రాష్ట్రంలో 2016 నుంచి బూజు పరీక్ష చేసేవాళ్ళకీ తీసేవాళ్ళకీ లైసెన్సు ఉండాలి, పైగా ఒకే పనికి బూజు ఉందని తేల్చేవాళ్ళూ దాన్ని తీసేవాళ్ళూ ఒకరే కాకూడదు. మీ దగ్గరికొచ్చినాయన తనే చూసి తనే 1200 చెప్పాడంటే అక్కడే తేడా కొడుతోంది. సిటీలో 2018 నాటి లోకల్ లా 55 ప్రకారం మూడు, అంతకన్నా ఎక్కువ ఫ్లాట్లున్న బిల్డింగుల్లో బూజు, ఎలకలు, బొద్దింకలు లేకుండా చూడటం ఓనరు బాధ్యత. ముందు సూపర్‌కి చెప్పండి, ఫోటోలతో మేనేజ్‌మెంటుకి మెయిల్ పెట్టండి, పలక్కపోతే సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. అద్దెకున్నవాళ్ళం మనకెందుకులే అని మనవాళ్ళు చాలామంది ఊరుకుంటారు, ఊరుకోవద్దు.

ఇంకొకటి మర్చిపోయేదాన్ని. అరవైల బిల్డింగు అంటున్నారు కాబట్టి డక్టు జాయింట్ల మీద తెల్లగా బట్టలాంటి టేపు గానీ పైపులకి గట్టి తెల్లటి చుట్టలు గానీ కనిపిస్తే ముట్టుకోకండి, గీకనివ్వకండి, ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) కావచ్చు, దాన్ని ముందు పరీక్ష చేయించాలి.

సరే, ఈ రాత్రి వంటయ్యాక కిటికీలు ఒకటో రెండో కాస్త తెరిచి, రెండు జాలీల దగ్గరా అగరబత్తి పెట్టి చూడండి, పొగ ఎటు పోతోందో వీడియో తీయండి. వెనక్కి వస్తుంటే ఆ వీడియోనే సూపర్‌కి చూపించండి, ముందు రూఫ్ మీద బెల్టు చూడమనండి. పొగ చక్కగా లోపలికి పోతూ జాలీ మీద మాత్రం మసి ఉంటే, స్క్రూలు విప్పి వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి పెట్టండి, అదేమీ ప్రమాదం కాదు, లోపలికి లాగే గాలితో వచ్చిన మన ఇంటి దుమ్మే అది. ఒకవేళ బిల్డింగువాళ్ళు లైను క్లీనింగ్ పెట్టిస్తే ఆ రోజు బాబుని ఇంట్లో ఉంచకండి. మేం పొద్దున్నే పాపనీ అత్తగారినీ తీసుకుని ఫ్లషింగ్ గుడికి వెళ్ళిపోయాం, దర్శనమయ్యాక క్యాంటీన్లో దోసెలు తిని, సాయంత్రం టేపులన్నీ తీసేశారని సూపర్ ఫోన్ చేశాకే ఇంటికొచ్చాం.