మియాటా లైట్లు, గాలిదారులు: మేనల్లుడికి రాసిన ఉత్తరం

అల్లుడూ,

నువ్వు పంపిన కార్ట్ స్క్రీన్‌షాట్ చూశాను. నల్ల ఫ్రేముల ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, ఎడమ ఇండికేటర్ పీకేసి ఆ చోట పెట్టే గాలి డక్ట్ (గాలి లోపలికి తెచ్చే గొట్టం), బ్రేకులకి గాలి తగిలించే డక్టులు, బానెట్ వెనక అంచు పైకి లేపే స్పేసర్లు, పెద్ద అల్యూమినియం రేడియేటర్. నువ్వు 1994 మాజ్దా మియాటా, ఆ రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, కొన్నావని తెలిసి నేనెంత సంబరపడ్డానో మీ అమ్మను అడుగు, కాబట్టి కారు మీద ఖర్చు పెట్టొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ అది ముప్పై ఏళ్లు దాటిన కారు. రాత్రి రోడ్డు కనిపించకపోవడానికి బల్బే కారణం కాకపోవచ్చు, ఎండలో వేడెక్కడానికి రేడియేటరే కారణం కాకపోవచ్చు. మాజ్దా వాళ్లు ఇచ్చిన లైట్లు, గాలిదారులు ఇప్పుడు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అన్నది ముందు చూడాలి, కొనడం ఆ తర్వాత.

లైట్లతో మొదలుపెడతాను. నీ కారు ముందు పైకి లేచే మూతల్లో ఉన్నది ఏడు అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్. అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ కలిపి ఒకే ముక్క, ఫిలమెంట్ పోతే మొత్తం మార్చాలి. అమెరికాలో 1940 మోడల్ కార్ల నుంచి సీల్డ్ బీమే రూలు, బల్బు విడిగా మార్చుకునే హెడ్‌లైట్లకు 1983లో గానీ అనుమతి రాలేదు. ఈ సైజులో ఎక్కువగా దొరికే హెచ్6024 రకంలో హై బీమ్ 65 వాట్లు, లో బీమ్ 35 వాట్లే. కాలిఫోర్నియాలో మీ దగ్గరి కొండల మీది స్కైలైన్ రోడ్డు మీద వీధి దీపం ఉండదు, పొగమంచు, పైగా జింకలు, అలాంటి చోట 35 వాట్లు చాలట్లేదని నువ్వన్నది నిజమే. అయితే ఆ 35 వాట్లయినా నీకు పూర్తిగా అందుతున్నాయా?

హాలోజెన్ ఫిలమెంట్‌కి వోల్టేజి కొంచెం తగ్గితే వెలుగు చాలా పడిపోతుంది. పది శాతం వోల్టేజి తగ్గితే దాదాపు ముప్పై శాతం వెలుగు పోతుంది. నీ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, అంత దూరం నుంచి కరెంటు పాత తీగలు, పాత స్విచ్, తుప్పు పట్టిన కనెక్టర్లు దాటుకుని రావాలి. కాబట్టి మల్టీమీటర్ తీసుకో. ఇంజిన్ ఆన్ చేసి లో బీమ్ వేసి, ముందు బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడు, తర్వాత హెడ్‌లైట్ వెనక కనెక్టర్ ఊడదీయకుండానే, లైటు వెలుగుతుండగానే, అక్కడ చూడు. ఊడదీసి కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి లోపం కనపడదు, చాలామంది అక్కడే మోసపోతారు. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే బల్బు మార్చడం దండగ. ముందు బాడీకి బిగించిన ఎర్త్ తీగలు విప్పి, ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించు. కనెక్టర్లు నల్లబడి ఉంటే కొత్తవి వెయ్యి. అప్పటికీ తేడా తగ్గకపోతే రిలే హార్నెస్ పెట్టుకోవచ్చు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్, దానికి కొత్త తీగల కట్ట. అది పెడితే బండి పాత వైరింగ్ రిలేని ఆన్ చేయడం వరకే చూసుకుంటుంది, లైటుకి వెళ్లే అసలు కరెంటు కొత్త లావు తీగ గుండా పోతుంది. దానికి కరెంటు కోసం తీగ డిక్కీ దాకా లాగక్కర్లేదు, బానెట్ కింద మెయిన్ ఫ్యూజుల డబ్బా నుంచి తీసుకో, తీసుకున్న చోటికి దగ్గరగా విడిగా ఒక ఫ్యూజు పెట్టు. జపాన్ కార్లలో కొన్నింటికి స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది, అందుకే వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా హార్నెస్ ఆర్డర్ పెట్టొద్దు.

ఇది అయ్యాక కూడా వెలుగు చాలకపోతే హెచ్4 బల్బు పట్టే గాజు హెడ్‌లైటు మంచిది. హై బీమ్ 60, లో బీమ్ 55 వాట్లు, లో బీమ్‌లో తేడా వెంటనే తెలుస్తుంది. 100/80 వాట్ల బల్బుల జోలికి పోకు, పాత తీగలు, కనెక్టర్లు ఆ వేడికి కరుగుతాయి. ఇక హైదరాబాద్ నుంచి నాన్నతో తెప్పించుకుంటే చవక అన్నావు కదా, బుల్లెట్‌కి, పాత థార్‌కి వచ్చేది కూడా ఏడు అంగుళాల గుండ్రటి లైటే, కొలత సరిపోతుంది, అందుకే నీకా ఆలోచన వచ్చుంటుంది. కానీ అక్కడ మనం ఎడమ వైపు నడుపుతాం, కాబట్టి ఆ లైటు లో బీమ్ ఎడమ అంచుకి కాస్త పైకి లేస్తుంది, రోడ్డు పక్కన మనుషులు, బోర్డులు కనపడటానికి. ఇక్కడ అమెరికాలో కుడి వైపు నడుపుతారు కాబట్టి అదే లైటు పెడితే ఆ లేచిన వెలుగు నేరుగా ఎదురు వచ్చేవాడి కళ్లలో పడుతుంది. జపాన్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చేవీ అంతే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కుడి వైపు ట్రాఫిక్‌కి చేసినదేనా, అద్దం మీద డాట్ (అమెరికా రవాణా శాఖ ప్రమాణం) అని ముద్ర ఉందా చూసుకో.

ఎల్‌ఈడీ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. హాలోజెన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం వద్దే వద్దు. ఆ రిఫ్లెక్టర్‌ని సన్నటి ఫిలమెంట్ సరిగ్గా ఏ చోట ఉంటుందో లెక్కగట్టి చేశారు, అక్కడ చిప్పులు పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది. నీకు కారు ముందు పదడుగుల నేల తెల్లగా మెరిసి బాగుందనిపిస్తుంది, దూరం మాత్రం కనపడదు, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. అమెరికాలో రోడ్డు మీద అది చట్టానికి విరుద్ధం కూడా. హెడ్‌లైటు మొత్తం ఎల్‌ఈడీగా తయారైన యూనిట్ అయితే వేరే మాట, జేడబ్ల్యూ స్పీకర్, ట్రక్-లైట్ లాంటి కంపెనీలు ఈ ఏడు అంగుళాల సైజులోనే చేస్తాయి, ఖరీదైనా వాటి కాంతి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. నీ కార్ట్‌లో ఉన్న చవక జత మీద కూడా డాట్ ముద్ర ఉంటుందిలే, కానీ ఇక్కడ ఆ ముద్ర కంపెనీ తనకు తాను వేసుకునేది, అమ్మే ముందు ప్రభుత్వం పరీక్ష చేసి వేసేది కాదు. ఇంకో సంగతి, ఎల్‌ఈడీ యూనిట్ వెనక అల్యూమినియం హీట్‌సింక్ పొడుగ్గా ఉంటుంది, నీ కారులో లైటు లేస్తూ దిగుతూ ఉంటుంది కాబట్టి లోపల దేనికైనా తగులుతుందా, ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉండి మూత పూర్తిగా పడకుండా పోతుందా చూడాలి. నీలం కొట్టే తెలుపు వద్దు, పొగమంచులో అది గోడలా ఎదురు నిలబడుతుంది.

లైట్ల దగ్గర చెయ్యి పెట్టే ముందు వాటిని పైకి లేపి రిట్రాక్టర్ ఫ్యూజు, అంటే లైట్లు లేపి దించే మోటారు ఫ్యూజు, తీసెయ్. ఆ మోటారుకి వేళ్లు అడ్డం ఉన్నాయని తెలియదు. లైటు పట్టే రింగు స్క్రూలు వేరు, యాంగిల్ సరిచేసే స్క్రూలు వేరు, రెండోవి తిప్పేస్తే ఉన్న సెట్టింగ్ పోతుంది. ఏది పెట్టినా చివర్లో యాంగిల్ సరిచేసుకోవాల్సిందేననుకో. చదునైన నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో కారు ఆపి, టైర్లలో గాలి చూసుకుని, సగం ట్యాంకు పెట్రోలుతో, నీ సీట్లో నీ బరువున్న మనిషిని కూర్చోబెట్టి, లైటు మధ్య ఎత్తు గోడ మీద టేపుతో గుర్తుపెట్టు. లో బీమ్ పై అంచు ఆ గీతకి రెండు అంగుళాలు కిందుండేలా తిప్పు. కారు స్ప్రింగులు మార్చి కిందికి దించాలనుకుంటున్నావు కదా, హెడ్‌లైటు నేల నుంచి కనీసం 22 అంగుళాల ఎత్తులో ఉండాలని రూలు, మూతలు పూర్తిగా పైకి లేవకుండా ఉండే ఆ లో ప్రొఫైల్ కిట్లు కొనేముందు టేపు పెట్టి కొలుచుకో.

ఇప్పుడు గాలి. నీరు పల్లమెరుగు అంటారే, గాలీ అంతే, రేడియేటర్‌లోంచి దూరి పోవడం కష్టం కాబట్టి పక్కన వేలెడు సందు దొరికినా అటే పోతుంది. మియాటా మూతి, అంటే ముందు బంపర్‌లో తెరిచిన నోరు, చిన్నదేమీ కాదు, లోపలికి వచ్చే గాలి చాలు. వచ్చింది పక్కదారి పట్టడమే జబ్బు. కారు కింద ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందా చూడు. పాత మియాటాల్లో చాలా వాటికి ఆయిల్ మార్చినవాళ్లు తీసి పారేసి ఉంటారు, అది లేకపోతే హైవే మీద రేడియేటర్ వెనక గాలి బయటికి లాగబడదు, స్పీడు పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. నీ మొదటి ఖర్చు అదే కావాలి. తర్వాత మూతి నుంచి రేడియేటర్ అంచుల దాకా రెండు పక్కలా, పైనా ఉన్న సందులు ప్లాస్టిక్ షీటు, ఫోమ్ పట్టీలతో మూసెయ్, ఓ సాయంత్రం పని. కాలిఫోర్నియాలో ముందు నంబరు ప్లేటు ఉండాల్సిందే, కానీ మూతికి అడ్డంగా కాకుండా ఓ పక్కకి బిగించు. రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి, గోధుమరంగుకో పచ్చగానో తిరిగి ఉంటే అది పగలడానికి సిద్ధంగా ఉంది, అప్పుడు మార్చు, అల్యూమినియం మోజు ఉంటే అప్పుడే తీర్చుకో. ఈ కారు టెంపరేచర్ ముల్లుని నమ్మకు, వేడి చాలా తేడా వచ్చినా అది మధ్యలోనే కూర్చుంటుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. 1994 కారుకి ఓబీడీ2 (కారు కంప్యూటర్ సమాచారం బయటికి చదివే ప్లగ్గు) లేదు కాబట్టి ఫోన్‌లో చూసుకునే వీలు లేదు, విడిగా సెన్సరు, గేజ్ పెట్టించు.

బానెట్ వెనక అంచు లేపే స్పేసర్లు కార్ట్‌లోంచి తీసెయ్. విండ్‌షీల్డ్ మొదట్లో గాలి ఢీకొని ఒత్తిడి పెరిగే చోటు అది, స్పీడులో వేడి బయటికి పోకపోగా గాలి లోపలికి తోసుకొస్తుంది. వేడి గాలి బయటికి పోయే కన్నాలు పెట్టాలంటే రేడియేటర్ వెనక, బానెట్ ముందు మూడో వంతులో పెట్టాలి. ఎన్‌ఏసీఏ డక్ట్ అని త్రికోణంగా లోపలికి దిగి ఉండేది కూడా చూపించావు, అది 1940లలో అమెరికా విమాన పరిశోధన సంస్థలో పుట్టింది, గాలి సమాంతరంగా జారిపోయే చదును మీద బాగా పనిచేస్తుంది. బంపర్ ముఖం మీద పెడితే ఉపయోగం లేదు, అక్కడ మామూలు తెరిచిన నోరే మేలు.

ఇండికేటర్ డక్ట్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఇంజిన్ గాలి పీల్చుకునే ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) ఎడమ పక్కన, ఎగ్జాస్ట్ వేడి తగిలే వైపే ఉంది కాబట్టి బయటి చల్లగాలి దాని దగ్గరికి చేరితే మంచిదే. కానీ దానికోసం ఇండికేటర్ వెలిగే వైశాల్యం సగం చేసుకోవడం నాకిష్టం లేదు. ఇంత చిన్న కారు పక్క లేన్‌లో పెద్ద ఎస్‌యూవీ వాడికి కనిపించేదే కష్టం. ఆ చల్లగాలిని మూతి లోపలి నుంచే ఒక గొట్టంతో ఎయిర్‌బాక్స్ దగ్గరికి తేవచ్చు, నీళ్లు నిలవకుండా అడుగున చిన్న రంధ్రం వదులు. ఎయిర్‌బాక్స్ పీకేసి తెరిచిన ఫిల్టర్ మాత్రం పెట్టకు. ఈ కారుకి కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష తప్పదు, సీఏఆర్‌బీ (కాలిఫోర్నియా వాయు కాలుష్య బోర్డు) అనుమతిగా ఇచ్చే ఈఓ నంబరు లేని ఇన్‌టేక్ కిట్ కనపడితే పొగ తక్కువున్నా ఫెయిల్ చేస్తారు.

బ్రేక్ డక్టులు రోడ్డు మీద నీకు అక్కర్లేదు. హైవే 9 మీద కొండ మీది నుంచి శారటోగా వైపు దిగేటప్పుడు బ్రేక్ వాసన వస్తే గేరు తగ్గించి దిగు. 1994లో 1.8 లీటర్ ఇంజిన్‌తో పాటు బ్రేక్ డిస్కులు కూడా పెద్దవి ఇచ్చారు, అవి తక్కువవి కావు. థండర్‌హిల్ రేస్ ట్రాక్‌కి వెళ్తానంటున్నావు చూడు, అది ఉన్న విల్లోస్‌లో ఎండాకాలం వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, అక్కడ అవసరం పడొచ్చు. అప్పుడు కూడా వరస ఇది: ముందు బ్రేక్ ఫ్లూయిడ్, తర్వాత ట్రాక్ ప్యాడ్లు, అప్పటికీ పెడల్ మెత్తబడితేనే డక్టులు. గొట్టం మూడు అంగుళాలది, వేడి తట్టే రకం తీసుకో, దాని చివర డిస్కు ముఖం మీదికి కాకుండా మధ్య కన్నం వైపుకి రావాలి. ముందు డిస్కులు లోపల సందులున్నవి, తిరుగుతూ మధ్యలోంచి గాలి లాక్కుని అంచుల నుంచి విసిరేస్తాయి, ఒక్క ముఖం మీదే గాలి కొడితే రెండు వైపులా సమానంగా చల్లారక వంకర పోతాయి. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు గొట్టానికి రాసుకోవడం లేదని చూసుకో.

కార్ట్ అలాగే ఉంచు, డబ్బు కట్టకు. ఈ వారం నాకు మూడు పంపు: బ్యాటరీ దగ్గర, లైటు దగ్గర వోల్టేజీలు, కారు కింద ముందు భాగం ఫోటో, రేడియేటర్ పై ట్యాంకు ఫోటో. అవి చూసి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఫోన్లో మాట్లాడుకుందాం. ట్రాక్‌కి వెళ్లే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడానికి నేనే వస్తాను, ఒక్కడివే చేయకు, పెడల్ నొక్కడానికి రెండో మనిషి కావాలి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొను, కొత్తది 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టిందంటే 155కే మరగొచ్చు, అందుకని గరాజ్‌లో మూత తీసి ఉన్న పాత సీసా వాడొద్దు, సీలు ఉన్నది తెచ్చిపెట్టు.

మామయ్య