కారు ముందరి అద్దం విప్పాలా, సీలెంటు పూయాలా?

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1978 నాటి అంబాసిడర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాము. మొన్నటి వానల్లో కారు ముందరి అద్దం కింది మూల నుంచి నీరు దిగి, డ్రైవరు కాళ్ల దగ్గరి పట్టా నానిపోయింది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండి పగిలింది. ఇక్కడొక దుకాణంవారు అద్దం కదపనక్కరలేదని, చుట్టూ సిలికాన్ సీలెంటు (సందులు మూసే జిగురు ముద్ద) పూస్తే చాలునని అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: అద్దం విప్పడమే మంచిది. సీలెంటు పూత పైకి నీటిని ఆపినట్టే కనిపిస్తుంది గాని, ఏదో ఒక సందులోంచి లోపలికి చేరిన నీరు తిరిగి బయటికి పోయే దారి లేక రేకు అంచు వెంబడి నిలిచిపోయి, మీ కంటికి కనబడకుండానే దాన్ని తినేస్తుంది. పైగా సిలికాన్ తగిలిన చోట రేపు రంగు కూడా సరిగా పట్టదు.

అయితే విప్పే ముందు నీరు వచ్చేది అద్దం దగ్గరి నుంచేనా అన్నది తేల్చుకోండి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుంటే, మరొకరు సన్నని ధారతో కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ రావాలి. పైనుంచి ఒక్కసారిగా నీళ్లు గుమ్మరిస్తే, కారే చోటు తెలియదు. వైపర్ల ఇరుసుల దగ్గరి చిన్న రబ్బరు వాషర్లు ఎండిపోయినా నీరు సరిగ్గా కాళ్ల దగ్గరికే దిగుతుంది.

వాన తక్కువగా పడే అనంతపురంలో ఈ బాధ ఏమిటని మీకు అనిపించవచ్చు. మన దగ్గర రబ్బరును పాడుచేసేది ఎండ. ఏళ్ల తరబడి వేసవి ఎండలో కాగిన బీడింగు గట్టిపడి, కుంచించుకుపోయి, మొదటి గట్టి వానకే మూలల దగ్గర నోరు తెరుస్తుంది. అలాంటి పాత రబ్బరును కాపాడాలని చూడకండి. వైపర్ కాడలు తీసేసి, బయటి వైపు రబ్బరు పెదవిని పదునైన కత్తితో చుట్టూ కోసేస్తే, లోపలి నుంచి పైమూలల దగ్గర అరచేతులతో నిదానంగా నెట్టినప్పుడు అద్దం బయటికి వస్తుంది. బయట ఇద్దరు పట్టుకొని ఉండాలి. తీసిన అద్దాన్ని బండల మీద కాకుండా దుప్పటి మీద ఉంచండి, ఎందుకంటే అద్దానికి బలహీనత అంచులోనే ఉంటుంది.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. రబ్బరు కూర్చునే రేకు అంచును శుభ్రంగా తుడిచి చూడండి. పైపై తుప్పయితే ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడు ప్రైమరు, దానిపై రంగు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే చిల్లు పడే చోట రేకు ముక్క వేసి వెల్డింగు చేయించవలసిందే. అక్కడ పుట్టీ దట్టంగా మెత్తనివ్వకండి. అంచు మందమైతే రబ్బరు గాడిలో అది ఇమడదు, ఆ ఒక్క చోటే ఒత్తిడి పడి అద్దం చిట్లుతుంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక బీడింగు కోసం మీరు బెంగళూరులో కార్ల విడిభాగాలు అమ్మే జె.సి. రోడ్డు దాకా వెళ్లవలసి రావచ్చు. పాత రబ్బరు నుంచి రెండంగుళాల ముక్క కోసి వెంట తీసుకువెళ్లి, కోసిన వైపు గాళ్లను కొత్తదానితో పోల్చి చూడండి. మీటర్ల లెక్కన కొనే రకమైతే కొలత కంటే కాస్త పొడవుగానే కోయించండి. లాగి బిగించిన రబ్బరు కొన్నాళ్లకు వెనక్కి ముడుచుకుని మళ్లీ సందు ఇస్తుంది.

బిగించేటప్పుడు ముందు రబ్బరును అద్దానికి తొడిగి, రేకు పట్టే గాడిలో నున్నని నైలాన్ తాడును చుట్టూ కూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో జానెడు ఒకదానిపై ఒకటి వచ్చేటట్టు లోపలికి వేలాడదీయండి. గాడికి సబ్బునీళ్లు పూయండి, కుంకుడు రసమైనా సరే; నూనె, గ్రీజు మాత్రం రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. బయటి మనిషి అద్దాన్ని దాని చోటులో ఆనించి అరచేత్తో నొక్కుతూ ఉంటే, లోపలి మనిషి తాడును అద్దం మధ్య వైపుకు లాగుతూ పోవాలి. తాడు వచ్చిన కొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కుతుంది. మూలల దగ్గర తొందరపడకూడదు. మొరాయించిన చోట ఇనుప పనిముట్టు బదులు పలుచని చెక్క అట్లకాడతో సర్దండి. చివరగా బయటి పెదవి కింద గట్టిపడని రకం సీలెంటును సన్నగా ఎక్కిస్తే చాలు.

ఇంకొక్క మాట. అద్దం మూలన ఉన్న ముద్ర చదవండి. టఫెండ్ (వేడిచేసి గట్టిపరచిన గాజు) అని ఉంటే, రాయి తగిలినప్పుడు అది ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై రాలుతుంది. ఎలాగూ విప్పారు కనుక ఈ విడతలోనే లామినేటెడ్ అద్దం వేయించమనే నా సలహా. రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉండడం వల్ల అది పగిలినా చాలావరకు చోటు వదలదు.

ప్రశ్న: మా పద్మిని కారు డోరు అద్దం హ్యాండిల్ తిప్పుతుండగా తలుపు లోపలికి జారిపోయింది. హ్యాండిల్ తిరుగుతూనే ఉంది. ఎమ్‌సీల్ పెట్టి అతికించవచ్చా? (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: అతికించకండి. అద్దం కింది అంచును పట్టుకొని ఉండే ఇనుప చానెల్‌లోని రబ్బరు పట్టీ ఎండి వదులైపోయి ఉంటుంది. తలుపు లోపలి అట్ట విప్పి, అద్దాన్ని పైకెత్తి టేపుతో నిలిపి, చానెల్ పాత చోటు అద్దం మీది మరకను బట్టి గుర్తు పెట్టుకొని, కొత్త పట్టీ వేసి రబ్బరు సుత్తితో మెల్లగా ఎక్కించమనండి. చానెల్ అర అంగుళం పక్కకు జరిగినా అద్దం వంకరగా లేస్తుంది. తలుపు అడుగున ఉన్న నీటి రంధ్రాలను కూడా పుల్లతో పొడిచి శుభ్రం చేయించండి.

ప్రశ్న: వేరే మోడల్ కారు వెనకద్దం చవకగా దొరికింది. కోయించి మా పాత కారుకు బిగించుకోవచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: కార్ల వెనకద్దాలు సాధారణంగా టఫెండ్ రకమే, దాన్ని కోయడం కుదరదు. కోత పెట్టగానే మొత్తం పొడి పొడి అవుతుంది.