మాజ్దా మియాటాకి కాయిల్‌ఓవర్లు వేయించాక మలుపులో వెనక జారుతోంది, పొద్దున సెకండ్ గేర్ పడటం లేదు. ఏం చేయాలి?

మీరు రాసినది ఇదీ: 1995 మియాటా, 1.8 ఇంజన్, ఐదు గేర్లు, ఊరు న్యూజెర్సీలోని ఎడిసన్. కాయిల్‌ఓవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ జతలు) వేయించి బాగా కిందికి దించారు. అప్పటినుంచి గతుకు వస్తే నడుము అదురుతోంది, మలుపు మధ్యలో చిన్న ఎగుడుదిగుడు తగిలినా వెనక భాగం పక్కకి పోతోంది. చలి పొద్దుల్లో సెకండ్ గేర్ మొరాయిస్తోంది. మెకానిక్ ఇంకా గట్టి స్ప్రింగులు, ఆరు గేర్ల బాక్స్ వేసుకోమంటున్నాడు.

రెండూ ఇప్పుడే చేయకండి. నాదీ అదే కారు. నేను కూడా న్యూజెర్సీలో నాలుగు చలికాలాలు నడిపాను. మీరు చెప్పినవన్నీ నేను పడ్డవే, వాటిలో చాలా వరకు కొత్త పార్టు కొనకుండానే పోయాయి.

ముందు జారడం సంగతి. షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద నురుగులాంటి ముక్క ఒకటి ఉంటుంది, బంప్ స్టాప్. చక్రం పైకి లేచినప్పుడు చివరికి దానికి తగిలి ఆగుతుంది. ఈ కారుకి కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఆ కదలిక తక్కువ. బాగా దించేస్తే ఊరికే నిలబెట్టి ఉన్నప్పుడే షాక్ బాడీ ఆ ముక్క దగ్గర దాకా వచ్చేస్తుంది. ఇక మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడ్డాక ఒక గతుకు తగిలితే, స్ప్రింగుకి ఆ ముక్క కూడా తోడై వెనక వైపు ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అప్పుడు ఆ టైరు రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. మీ నడుముకి తగిలే దెబ్బా, ఈ జారడమూ ఒకదాని నుంచే వస్తున్నాయని నా అనుమానం.

అనుమానంతో డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు, పది పైసల జిప్ టై చాలు. చక్రం తీసి, దుమ్ము పడకుండా ఉండే తొడుగు పైకి జరిపి, మెరిసే కడ్డీ చుట్టూ జిప్ టై కట్టండి. షాక్ బాడీకి ఆనేదాకా కిందికి నెట్టండి. నాలుగు చక్రాలకీ ఇలాగే చేసి, మీరు రోజూ వెళ్ళే దారిలో ఒక చుట్టు తిరిగి రండి. జిప్ టై ఎక్కడిదాకా జరిగిందో అక్కడిదాకా షాక్ లోపలికి వెళ్ళిందన్నమాట. అది వెళ్ళి బంప్ స్టాప్‌లో కూరుకుపోయి ఉంటే కారు ఎత్తు పెంచాలి. నేను తలుపు కింద జాకీ పెట్టే అంచు నుంచి నేలదాకా కొలిచి ముందు 5 అంగుళాలు, వెనక 5.25 పెట్టుకున్నాను. చూడటానికి తగ్గించినట్టే ఉంటుంది, నడుపుతుంటే హాయిగా ఉంటుంది. షాక్ మీద నాబ్ ఉంటే పూర్తిగా మెత్తటి వైపు తిప్పి, అక్కడినుంచి రెండేసి క్లిక్కులు పెంచుకుంటూ రండి. చాలామంది మొదటిరోజే గట్టి వైపు తిప్పేసి, స్ప్రింగుల్ని తిడతారు.

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. చక్రాన్ని కారు బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లకి ఉండే రబ్బరు బుష్‌లు బేరింగులా తిరగవు. బోల్టు బిగించాక లోపలి గొట్టం కదలదు, చుట్టూ ఉన్న రబ్బరే మెలి తిరుగుతుంది. నా కారుకి కాయిల్‌ఓవర్లు వేసిన షాపువాళ్ళు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే అన్ని బోల్టులూ బిగించేశారు. కారు కిందికి దిగగానే ప్రతి బుష్షూ మెలిపడి, రెండో స్ప్రింగులా ఎదురు తన్నడం మొదలుపెట్టింది. ఆరు నెలలకి రెండు బుష్‌లు చిరిగాయి. చివరికి నేనే టైర్ల కింద మందపాటి చెక్కలు పేర్చి, బరువంతా చక్రాల మీదే ఉంచి, ఒక్కొక్క బోల్టూ వదులు చేశాను. వెనక కుడి పక్క బోల్టు వదలగానే 'టక్' మని మోగింది. టేపు పెట్టి చూస్తే ఆ మూల 8 మిల్లీమీటర్లు దిగింది. కారు అదే ఎత్తులో ఉండగానే మళ్ళీ బిగించాను. ఆ సాయంత్రం అదే వీధిలో నడిపితే వేరే కారేమో అనిపించింది.

మీరుండేది మంచుకి ఉప్పు చల్లే రాష్ట్రం. కింది ఆర్మ్ లోపలి బోల్టులు, అంటే అలైన్‌మెంట్ సర్దేవి, గొట్టంలో తుప్పుపట్టి అతుక్కుపోయి ఉండొచ్చు. మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండండి. వదలకపోతే బలవంతపెట్టకండి, కోసి కొత్తవి వేయడమే మేలు. వీటిని కదిపితే అలైన్‌మెంట్ పోతుంది కాబట్టి ఎత్తు, బోల్టుల పని అయ్యాకే అలైన్‌మెంట్‌కి వెళ్ళాలి. డ్రైవర్ సీట్లో మీ బరువంత బరువు పెట్టమని అడగండి. నేను పెట్టుకున్నవి: క్యాంబర్ (చక్రం నిలువు వాలు; మైనస్ అంటే పైభాగం లోపలికి) ముందు మైనస్ 2 డిగ్రీలు, వెనక కూడా దాదాపు అంతే. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) 5 డిగ్రీలు. ముందు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, వెనక మొత్తం మీద మిల్లీమీటరున్నర లోపలికి. వెనక టో బయటికి తిరిగి ఉంటే మాత్రం ఏ స్ప్రింగూ ఆ కారుని నిలబెట్టలేదు.

గేర్‌బాక్స్‌కి వస్తే, ఇంజన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. గేర్‌బాక్స్ పక్కనుండే స్లేవ్ సిలిండర్ (క్లచ్‌ని కదిలించే చిన్న హైడ్రాలిక్ సిలిండర్) రబ్బరు తొడుగు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే లీకేజీ అదే. ఈ కార్లలో అది తరచూ పోయే భాగం. రివర్స్ శుభ్రంగా పడి, చలిలో సెకండ్ ఒక్కటే మొరాయిస్తే ఆయిల్ చూడండి. నేను జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 సింథటిక్ గేర్ ఆయిల్ పోశాక చాలా తేడా కనిపించింది. రెండు లీటర్లు పడుతుంది. పాతది వదిలే ముందు నింపే బిరడా ఊడుతుందో లేదో చూసుకోండి. గేర్ రాడ్ అడుగున చిన్న గుంటలో విడిగా కొంచెం ఆయిల్ ఉంటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. అక్కడి రబ్బరు చిరిగితే కాలికి వేడి కూడా తగులుతుంది. డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టెకి) మాత్రం జీఎల్-5 రకం.

ఆరు గేర్ల బాక్స్ మీద నాకూ మోజు ఉండేది. బేరం దాకా వెళ్ళి, లెక్క వేశాక ఆగాను. మీ ఐదో గేరు నిష్పత్తి 0.814 (ఈ అంకె ఎంత తక్కువైతే అదే వేగంలో ఇంజన్ అంత నెమ్మదిగా తిరుగుతుంది). ఆ బాక్స్‌లో ఆరోది 0.843. మీ 4.1 డిఫరెన్షియల్‌తో, 205/50ఆర్15 టైర్ల మీద, గంటకి 75 మైళ్ళకి ఇప్పుడు సుమారు 3,650 ఆర్‌పీఎం. ఆరు గేర్లతో సుమారు 3,780. అంటే హైవేలో మోత తగ్గదు, పెరుగుతుంది. ఫస్ట్ గేరు 3.136 నుంచి 3.76కి పోతుంది, వేశామనేలోపే మార్చాల్సి వస్తుంది. గేర్లు దగ్గరగా ఉండటం ట్రాక్ మీద బాగుంటుంది, నిజమే. కానీ డిఫరెన్షియల్ మార్చకుండా రోజూ తిరిగే కారుకి అది సరిపోదు.

ఒకవేళ ఏ కారణంగానైనా గేర్‌బాక్స్ దించితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ కారులో గేర్‌బాక్స్ వెనక విడిగా మౌంట్ లేదు. పొడుగాటి అల్యూమినియం ఫ్రేమ్ దాన్ని డిఫరెన్షియల్‌కి కలుపుతుంది. తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్లో చెప్పిన కొలతకి ఎత్తు సరిచూడకపోతే వేగంలో సన్నటి వణుకు పట్టుకుంటుంది, దాన్ని టైర్ల బ్యాలెన్సింగ్ అనుకుని తిరుగుతూ ఉంటాం.

ఈ వారాంతం జిప్ టై కట్టి తిరిగి రండి. నాలుగు చక్రాలకీ అది ఎక్కడ ఆగిందో, బంప్ స్టాప్ ఎంత పొడవుందో కొలిచి ఇక్కడే రాయండి. స్ప్రింగు మార్చాలా వద్దా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.