మీ ఆడపడుచు సంగతి వదిలేయండి, మీ ఆయనతో మాట్లాడండి

ఖమ్మం నుంచి రాసిన అమ్మకి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు మనసు బాలేదు. మీ వారికి నాలుగు నెలల కింద హార్ట్ ఎటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, షాపుకి కూడా వెళ్తున్నారు. మీరేమో అర్ధరాత్రి లేచి ఫోన్ లైట్ వేసుకుని ఆయన మీద దుప్పటి కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటున్నారు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా "ఊరగాయలు, వేపుళ్లు పెట్టి మా అన్నయ్యని ఇంతదాకా తెచ్చావ్" అంటోంది, ఆవిడ నోరు ఎలా మూయించాలి, నాకేమన్నా పిచ్చి పడుతోందా అని అడిగారు.

ఆవిడని వదిలేయండమ్మా, ఆవిడ అనకపోతే ఇంకొకరంటారు. నాకు కోపం వచ్చింది మీ వారి మీద. ఆవిడ ఆ మాట అంటుంటే ఆయన పక్కనే టీవీ చూస్తున్నారని ఒక్క ముక్క రాసి దాటేశారు, అసలు విషయం అదే కదా. ఇన్నేళ్లూ సిగరెట్లు కాల్చింది ఎవరు, బీపీ మాత్రలు తలనొప్పి వస్తేనే వేసుకుంది ఎవరు? ఆ రాత్రి గ్యాస్ నొప్పేలే అని ఈనో తాగి పడుకోబోతుంటే వినకుండా 108కి ఫోన్ చేసింది మీరు. ఆ మాట చెల్లెలికి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదా?

పిచ్చేం కాదు. 2012లో డెన్మార్క్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది, హార్ట్ ఎటాక్ నుంచి బతికి బయటపడ్డవాళ్ల భార్యల్లో, భర్తల్లో కూడా డిప్రెషన్, ఆందోళన మందుల వాడకం పెరిగిందని తేలింది. మన దగ్గరైతే డాక్టరూ, చుట్టాలూ అందరూ పేషెంట్‌నే పలకరిస్తారు, వెనకాల ఫైల్ పట్టుకుని నిలబడ్డ భార్యని నువ్వెలా ఉన్నావ్ అని అడిగేవాళ్లే ఉండరు.

వచ్చే చెకప్‌లో మీరూ కుర్చీ లాక్కుని కూర్చోండి. ఏ నొప్పికి కంగారుపడాలి, ఏది మామూలు, మీరే అడగండి. స్టెంట్ వేశాక రక్తం పలచన చేసే మాత్రలు సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లో గడ్డకట్టి మళ్లీ ఎటాక్ రావచ్చు, ఈ మాట డాక్టర్ చేతే ఆయనకి చెప్పించండి. నీళ్ల గ్లాసుతో సహా మాత్రలు చేతిలో పెడుతున్నారట, కొన్నాళ్లు పక్కనుండి చూసి మెల్లగా ఆ డబ్బా ఆయనకే అప్పగించండి, ఆయనేం చంటిపిల్లాడు కాదు, ఒక పూట మర్చిపోతే ఆ తప్పు కూడా మీ నెత్తికే చుట్టుకుంటుంది.

తర్వాత ఒకరోజు టీవీ కట్టేసి, "ఆ రాత్రి మీరు నాకు దక్కరేమో అనుకున్నాను, ఆ భయం ఇంకా పోలేదు" అని సూటిగా చెప్పండి. కసురుకుంటారు, కసురుకోనివ్వండి, ఆయన లోపలా భయమే ఉంది. ఈసారి చెల్లెలు ఆ మాట అంటే ఆయనే జవాబు చెప్పాలని గట్టిగా చెప్పండి. మీరు మాత్రం ఊరగాయల గురించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకండి.

నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి. మనసు బాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్ చేయండి. ఈ గొడవలో పడి మీ మోకాళ్ల నొప్పి చూపించుకోలేదని రాశారు కదా, ఈ వారమే వెళ్లండి, అక్కడే మీ బీపీ, షుగర్ కూడా చూపించుకోండి, తోడుగా మీ వారినే రమ్మనండి.