బోర్డు మీది మాట మార్చి చూడు

అమ్మడూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆఫీసు ఉద్యోగం మానేసి చిన్నపిల్లల బడిలో చేరుతున్నావట, రెండో తరగతి ఇచ్చారట. "నువ్వైనా చెప్పక్కా, నా మాట వినేలా లేదు" అన్నాడు. వాడితో గంభీరంగా "చూద్దాంలే" అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు అదే పని చేసినదాన్ని, ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు కదా.

పైపై సంగతులు ముందు అనేస్తాను. గొంతు చించుకుని అరవకు. అలా అరుస్తూ పోతే బొంగురుపోతుంది, మళ్ళీ పాత గొంతు రావడం కష్టం. పాఠం ముందురోజే చూసుకో. బోర్డు మీద రాశాక ఒకసారి వెళ్ళి ఆఖరి వరుసలో కూర్చో, అక్కణ్ణించి ఏం కనబడుతుందో తెలుస్తుంది. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి కూడా చెప్పే ఉంటారు గానీ, చెప్పినంత సులువు కాదది. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతుల్లో మాటలు టేపు చేసి విన్నది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకనే ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పనివాళ్ళూ మాట్లాడారు. మూడు సెకన్లేగా అని నవ్వకు. ముప్పై మంది నీ మొహంలోకి చూస్తుంటే అదొక యుగం. నేనైతే చేతిలో సుద్దముక్కను మెల్లగా మూడుసార్లు తిప్పేదాన్ని, నోరు జారకుండా.

లెక్కల్లో తప్పు కనబడగానే కొట్టేయకు. 52లోంచి 37 తీసేయమంటే 25 అని రాసేవాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. "ఎలా చేశావు నాన్నా?" అని అడుగు. ఏడులోంచి రెండు, ఐదులోంచి మూడు తీశానంటాడు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మనం చెప్పిన మాటే పాటించాడు పాపం. పదేసి పుల్లలు కట్టిన కట్టలు ఐదూ, విడి పుల్లలు రెండూ వాడి చేతికిచ్చి, ఏడు పుల్లలు ఇవ్వమను. కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలీదు.

ఉద్యోగంలో నా మూడో ఏడాది. అప్పుడు నాదీ రెండో తరగతే. ఒక పిల్ల ఉండేది, పేరు రాయను. రెండు జడలు, రెండో వరుసలో గోడ పక్కన. అల్లరి లేదు, ఫిర్యాదు లేదు. చేతిరాత ముత్యాలే. నేను బోర్డు మీద వంకరగా రాసినా దాని పుస్తకంలో తిన్నగా ఉండేది. పెద్దసారు వచ్చినా, ఎవరి తల్లిదండ్రులు వచ్చినా ఆ పుస్తకమే తీసి చూపించేదాన్ని. చదవమంటే పాఠమంతా గడగడా చదివేసేది, వేలు కూడా వరుస వెంబడి కదిలేది. ఇంకేం కావాలి?

బడి ఆయా ఒకరోజు గది ఊడుస్తూ, "టీచరమ్మా, ఆ పిల్లకి చదవడం రాదేమో. నిన్న నోటీసు కాగితం తలకిందులుగా పట్టుకుని చూస్తోంది" అంది. నేను నవ్వేశాను. ఆయాకి చదువు సంగతేం తెలుసని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఈ ముక్క రాయడానికే సిగ్గేస్తోంది.

ఏడాది ఆఖర్లో ఒక సాయంత్రం, బోర్డు మీద 'కాకి చెట్టు మీద వాలింది' అని ఉంది. అందరూ చదివారు. గంట కొట్టడానికి ఇంకో ఐదు నిమిషాలుంది. ఊరికే సరదాకి 'కాకి' తుడిచేసి 'కోతి' అని రాశాను. కోతి వాలడమేంటని క్లాసంతా పడీపడీ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. లేపి చదవమన్నాను. బోర్డు వంకే చూస్తూ, "కాకి చెట్టు మీద వాలింది" అంది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ కాకే. మూడోసారి బోర్డు చూడలేదు, నా మొహం చూసింది. జవాబు అక్కడేమైనా ఉందేమోనని.

అందరూ వెళ్ళాక కూర్చోబెట్టుకున్నాను. అక్షరాలు విడిగా అడిగితే పది పన్నెండుకు మించి గుర్తుపట్టలేదు. గుణింతం మారితే పలికేది మారుతుందనే తెలీదు. పక్కవాళ్ళు చదువుతుంటే విని పాఠాలన్నీ బట్టీ పట్టింది, అంత తెలివైన పిల్ల. రాస్తుంటే మొదటిసారి దగ్గరగా చూశాను. 'ప' రాయమంటే ముందు తలకట్టు గీసి, కింద మిగతాది బొమ్మలాగా వేసింది. ఒక్కో గీతకీ తలెత్తి బోర్డు చూసుకుంది. చదవడం వచ్చిన పిల్లలు మాటకొకసారి తలెత్తుతారు అమ్మడూ, రానివాళ్ళు గీతకొకసారి. ఏడాదంతా నా కళ్ళెదురుగా ఆ తల లేస్తూ వాలుతూనే ఉంది. నేను దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

అంతవరకూ పొరపాటు. తర్వాత చేసింది తప్పు. ఇంకో పదిహేను రోజుల్లో సెలవులు. నేను పెద్దసారుకి చెప్పలేదు, మూడో తరగతి టీచరుకీ చెప్పలేదు. ఆ పుస్తకం ఊరందరికీ చూపించి మురిసిపోయినదాన్ని, ఏ మొహంతో చెప్పను? మార్కులిచ్చిన రోజు వాళ్ళమ్మ వచ్చి, "మా పిల్ల ఎలా ఉంది మేడం?" అని అడిగితే "బాగా చదువుతోంది" అన్నాను. ఆవిడకి చదువు లేదు. నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది.

తర్వాతి ఏడాది ఆ పిల్ల తరచూ మూడో తరగతి బయట నిలబడి కనిపించేది. ఇంత చక్కగా రాసేదానికి చదవమంటే బద్ధకమని ఆ టీచరు కోపం. ఆవిణ్ణి అనడానికేముంది, నేను చెబితే కదా. నన్ను చూసి ఆ పిల్ల నవ్వేది. నాకు నోరు పెగలడానికి సగం ఏడాది పట్టింది. చెప్పాక ఇద్దరం వంతులేసుకుని రోజూ పావుగంట దగ్గర కూర్చోబెట్టుకున్నాం. వచ్చింది, నెమ్మదిగా. కానీ బడి వదిలి వెళ్ళేదాకా, పైకి చదవమంటే దాని గొంతు వణికేది.

అందుకే నీకు చెప్పేది. ప్రతి పిల్లనీ వారానికోసారి నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. ముప్పై మంది ఉంటే రోజుకు ఆరుగురు, తలా రెండు నిమిషాలు. అంతకు మించి పట్టదు. వాళ్ళు ముందు విననిది, చూడనిది చదివించు, లేదా తెలిసిన దాంట్లోనే ఒక మాట మార్చి చూడు. రానివాళ్ళందర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టకు. ఆ బెంచీకి మిగతా పిల్లలు రెండు రోజుల్లో పేరు పెట్టేస్తారు.

ఆయాతో, గేటు దగ్గరుండే మనిషితో రోజూ రెండు మాటలు మాట్లాడు. ఎవరు ఏడుస్తూ వచ్చారో, ఆటల పీరియడ్‌లో ఎవరు గోడకి ఆనుకుని నిలబడతారో వాళ్ళకు తెలిసినంత నీకు తెలీదు. తల్లిదండ్రుల్ని ఫిర్యాదుకే పిలవకు, మంచి మాట చెప్పడానికి కూడా పిలువు. కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమనే ముందు నువ్వే పైకి చదివి వినిపించు, అందరికీ కలిపి. చదువు రాని తల్లి ఎవరో నలుగురికీ తెలియక్కర్లేదు.

నిన్ను తిట్టాల్సింది కూడా ఒకటుంది. ఆరేళ్ళప్పుడు నా పూలకుండీ పగలగొట్టి, పెంకులు మంచం కింద దాచి, మూడు రోజులు నా కళ్ళలోకి చూడకుండా తిరిగావు. నాకు మొదటి రోజే తెలుసు. ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ బుద్ధి నాదే, నా నుంచే వచ్చింది నీకు. క్లాసులో ఏదైనా పగిలితే మాత్రం మంచం కింద పెట్టకు తల్లీ. పెద్దవాళ్ళకి చెప్పు, పక్క టీచరుకి చెప్పు. ఎవరికీ చెప్పలేకపోతే రాత్రి ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి. ఈ వయసులో నాకు నిద్రెలాగూ తక్కువే.

మీ నాన్నతో నేను మాట్లాడతాలే. వాడి టెన్షన్ జీతం గురించి, నాది వేరు.

మొదటి వారం అయ్యాక ఇంట్లో కూర్చుని, హాజరు పట్టీ చూడకుండా నీ క్లాసు పిల్లల పేర్లన్నీ రాయి. అల్లరివాళ్ళ పేర్లు ముందు వచ్చేస్తాయి, బాగా చదివేవాళ్ళవి తర్వాత. ఎక్కడో పెన్ను ఆగుతుంది. ఆ గుర్తురాని పేర్లు పట్టీ చూసి నాకు రాసి పంపు.

నీ అత్త