శత్రువుకు అభయపత్రం

ప్రశ్న: 1971 యుద్ధంలో మన విమానాలు తూర్పు పాకిస్తాన్‌లో ‘లొంగిపోండి’ అంటూ కరపత్రాలు జల్లాయని మా తాతగారు చెబుతుంటారు. చేతిలో తుపాకీ ఉన్నవాడు కాగితం ముక్క చూసి లొంగిపోతాడా మాస్టారూ?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాగితం చూసి ఎవరూ లొంగరమ్మా. అప్పటికే మనసు విరిగిపోయి, చేతులెత్తి బయటికొస్తే కాల్చేస్తారేమోనన్న భయంతో కందకంలోనే ఉండిపోయినవాడికి అది దారి చూపిస్తుంది.

నేను ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా ఒక కరపత్రం నకలు పిల్లల చేతికిచ్చేవాణ్ని. మిత్రపక్షాలు జర్మన్ సైనికుల మీద జల్లిన ‘పాసీర్‌షైన్’ అది, అంటే ప్రాణభయం లేకుండా దాటి రావడానికిచ్చే అనుమతి చీటీ. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. పైన అమెరికా, బ్రిటన్‌ల అధికార ముద్రలు, కింద సర్వసేనాని ఐసెన్‌హోవర్ సంతకం. ముద్రా సంతకమూ ఉన్న పత్రమంటే జర్మన్ సైనికుడికి గురి ఎక్కువని, అచ్చం సర్కారు కాగితంలా అచ్చువేశారు.

“జర్మన్లకు పంచే కాగితం మీద ఇంగ్లీషెందుకండీ?” అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ఇంగ్లీషు అవతల కాపలా కాసే మిత్రపక్షాల సైనికుడి కోసం. ఇతని ఆయుధం తీసుకోండి, బాగా చూసుకోండి, తిండి పెట్టండి, అవసరమైతే వైద్యం చేయించండి, వీలైనంత త్వరగా ప్రమాదం లేని చోటికి చేర్చండి అని అందులో ఉంది. శత్రువుకిచ్చిన మాటనే తమవాడికి ఆజ్ఞగా ఇచ్చారన్నమాట. ఆ చీటీల్లో కొన్నిటి మీద ‘ఒకరికైనా, ఎక్కువమందికైనా చెల్లుతుంది’ అనీ ఉండేది. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కేది. కాగితం దొరకని పక్కవాడికీ అందులో చోటుంది.

జపాన్ సైనికుల దగ్గర మాత్రం మాటే అడ్డొచ్చింది. ప్రాణాలతో పట్టుబడటం సిగ్గుచేటని 1941లో వాళ్ల సైన్యం ఇచ్చిన నియమావళే చెప్పింది. అందుకని అమెరికన్లు చీటీల మీద ‘లొంగిపోతున్నాను’ తీసేసి ‘ప్రతిఘటన ఆపుతున్నాను’ అని మార్చారు. మనిషి పరువు కాపాడే మాట వెతకడం కూడా అభయమివ్వడంలో భాగమేనని నా నమ్మకం.

ఇక మీ తాతగారు చెప్పింది నిజమే. అప్పటి మన సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా రేడియోలోనూ కరపత్రాల్లోనూ పాక్ సైనికులకు చెప్పింది కూడా ఇదే: ఆయుధాలు దించండి, యుద్ధఖైదీల రక్షణకున్న జెనీవా ఒప్పందం ప్రకారం మిమ్మల్ని గౌరవంగా చూస్తాం. అక్కడ పాక్ సైన్యం సాగించిన తొమ్మిది నెలల మారణకాండ తర్వాత స్థానికులు తమను బతకనివ్వరన్న భయం వాళ్లకుంది. ఆ భయానికి ఇదే జవాబు. డిసెంబర్ 16న ఢాకా రేస్‌కోర్సులో అక్కడి పాక్ సేనాని నియాజీ సంతకం చేసిన లొంగుబాటు పత్రంలోనూ ఆ హామీ ఉంది. ఆ రోజు లొంగిపోయినవాళ్లు, సైనికులు కానివాళ్లనూ కలుపుకొని దాదాపు 93,000 మంది. చివరి జట్టు 1974 ఏప్రిల్‌లో వాఘా దాటి ఇళ్లకు వెళ్లింది. నియాజీ కూడా అందులోనే ఉన్నారు.